మల్లమ్మ కంటి కోసం మంద వెంట

వెళ్ళొచ్చి నెల కావస్తోంది. ఎన్నిసార్లు ఉతికి ఎండేసినా నేను కట్టుకెళ్ళిన నీలం చీరలోంచి గొర్రె వాసన వస్తోందని మా ఇంట్లో అందరూ ముక్కు మూసుకుంటున్నారు. మూసుకోనీయండి. మా రేపల్లె వైపు, గొర్రెల మంద వెంట ధారూరు నుంచి వికారాబాదు దాకా అడవిదారిన నడిచిన పంతులమ్మ ఇంకొకతె ఉంటే తీసుకొచ్చి చూపించమనండి. అప్పుడు నోరు మూసుకుంటాను. అందాకా చెబుతూనే ఉంటాను.

మా చెల్లెలు రత్నం వికారాబాదులో మిషను ఆసుపత్రి నర్సు. అక్కడ చేరిన దగ్గర్నుంచీ "అక్కా, వేసవి సెలవులకు రావే" అని పిలుస్తూనే ఉంది. "ఆ రాళ్ళలోకి నేనేం వస్తానే" అని నేను తప్పించుకుంటూనే ఉన్నాను. తెలంగాణమూ మనమూ ఒకే రాష్ట్రమై రెండేళ్ళు దాటినా, మా వీధిలో అటు వెళ్ళొచ్చిన మనిషి లేడు. ఈసారి ఏమైందో, పరీక్ష పేపర్లు దిద్దడం అయిన మర్నాడే ఆవకాయ జాడీ ఒకటి గుడ్డలో మూటగట్టి రైలెక్కేశాను.

వికారాబాదు: ఎవరు ఏ దేశం

హైదరాబాదు దాటి కొంత దూరం పోయాక గాలి మారింది. మా దగ్గర వేసవి గాలి తడిబట్టలా ఒంటికి అంటుకుంటుంది. ఇక్కడి గాలి పొడిగా, ఎర్రమట్టి వాసనతో వచ్చి ముఖాన కొడుతుంది, సాయంత్రానికి మాత్రం కొండల మీదనుంచి చల్లగా దిగుతుంది. స్టేషనులో దిగేసరికి నాకు చిన్నపిల్లలా గంతులు వేయాలనిపించింది. వయసు అడ్డొచ్చింది.

ఆసుపత్రిలో కంటి ఆపరేషన్లు చేసే డాక్టరు సముద్రాల అవతలినుంచి వచ్చిన మిస్సమ్మ. పొడుగ్గా, ఎండకు కమిలిన ముఖంతో, ముతక తెల్లచీరలో ఉంది. ఆమెతో మాట్లాడాలని నాకు వచ్చిన ఇంగ్లీషు ముక్కలు దారి పొడుగునా కూడబలుక్కుని వచ్చాను. ఆమె నన్ను చూసి, "ఎప్పుడొచ్చినవ్? రైల్ల జాగ దొరికిందా? జర కూసో, చాయ్ తాగు" అంది. నా ఇంగ్లీషంతా గొంతులోనే ఉండిపోయింది. ఆవిడ తెలుగు నేర్చుకున్నది పుస్తకాల్లో కాదు, ఈ పల్లెల్లో, రోగుల దగ్గర.

అంతకన్నా చిత్రం ఇంకొకటి జరిగింది. వరండాలో కూర్చున్న ఒక ముసలాయనను నేను "ఏం తాతగారూ, ఎలా ఉందండీ ఒంట్లో" అని పలకరించాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, పక్కనే ఉన్న మిస్సమ్మను అడిగాడు.

"గీ అమ్మది ఏ దేశం, డాక్టరమ్మా?"

రత్నం నవ్వలేక చచ్చింది. నాకు ఒళ్ళు మండింది. తరువాత ఆలోచిస్తే ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? కాఫీ అంటే ఎవరికీ తెలియని చోటికి, పొద్దుటే అన్నం తినని చోటికి, పచ్చడిని తొక్కు అనే చోటికి వచ్చాను. మొదటి రాత్రి రత్నం పచ్చిపులుసు పోస్తే, "చారు కాచడం మరిచిపోయావేమే" అని గిన్నె తీసుకుపోయి పొయ్యి మీద పెట్టబోయాను. ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి చిదిమి, చింతపండు పులుసులో కలిపి కాచకుండానే తాగుతారు వీళ్ళు. రెండోరోజుకు నేనే అడిగి పోయించుకున్నాను.

తాండూరు: గడపా రాయే, గోడా రాయే

మూడోనాడు మిస్సమ్మ పల్లెలకు బయలుదేరుతూ, "నువ్వు గూడ పా. కంట్ల మందేసేటప్పుడు పిల్లల తలకాయ పట్టుకుంటందుకు మనిషి గావాలె" అంది. బళ్ళో యాభైమంది తలకాయలు పట్టుకున్న దాన్ని, నాకిదొక లెక్కా అనుకుని ఎగిరి రైలెక్కాను.

తాండూరు దిగి చూద్దును కదా, ఊరంతా రాయి. మా దగ్గర తిరగలి కావాలన్నా రాయి ఎక్కణ్ణుంచో రావాలి. ఇక్కడ నేలమీద బండలు, గోడలకు బండలు, ఇంటి కప్పుకు బండలు, ఆఖరికి పెరటికి కంచె బదులు నిలబెట్టిన బండలు. చెక్కపలకల్లా నున్నగా, నీలంగా ఉంటాయి. పరచుకుని పడుకోవచ్చు. ఒక ఇంటి అరుగు మీద నేను నిజంగానే కాసేపు నడుం వాల్చాను, ఎంత చల్లగా ఉందో. ఆ ఇంటావిడ కన్నడంలో ఏదో అడిగింది. నేను నా తెలుగులో ఏదో చెప్పాను. ఇద్దరికీ ఏమీ తెలియలేదు, అయినా మజ్జిగ ఇచ్చింది.

బజారులో కందిపప్పు చూసి నా ప్రాణం ఆగలేదు. గుండ్రంగా, బంగారపు రంగులో. మా ఊళ్ళో ధరలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. కొనేశాను. పల్లెలకు పోయేటప్పుడే కొన్నందుకు ఆ మూట ప్రయాణం పొడుగునా నా నెత్తిమీదే ఉండి, నన్ను ఏడిపించింది.

మందల ఊరు

తాండూరు నుంచి కొడంగల్ వైపు ఎడ్లబండిలో పూటంత దారి. కురుమవాళ్ళు ఎక్కువగా ఉన్న ఊరు. తరతరాలుగా గొర్రెలే వాళ్ళ బతుకు. కొందరు ఇప్పుడు జొన్న, కంది కూడా వేస్తున్నారు. ఊరి చావిడిలో మిస్సమ్మ మందుపెట్టె తెరిచింది. పిల్లల కళ్ళల్లో చుక్కలు వేయడం, గజ్జికి మందు రాయడం, దగ్గుకు నీళ్ళమందు పోయడం. నా పని తలలు పట్టుకోవడం. ఇద్దరు పిల్లలు నా వేళ్ళు కొరికారు.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక నాకు ఉత్సాహం ఆగలేదు. గొర్రెలవాళ్ళ మధ్య కూర్చున్నాను కదా, ఇంతకన్నా మంచి తరుణం ఏముంటుందని, ఆదివారం బడిలో చెప్పే తప్పిపోయిన గొర్రె కథ అందుకున్నాను. వంద గొర్రెలున్న కాపరి, ఒకటి తప్పిపోతే మిగతావన్నీ విడిచిపెట్టి దాన్ని వెతుక్కుంటూ వెళ్ళాడని రాగం తీస్తూ చెప్పాను. మా ఊళ్ళో అయితే ఈ చోట ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటారు. ఇక్కడ బీరప్ప అనే ఆయన, పాతికేళ్ళ మనిషి, కర్ర మీద గడ్డం ఆనించి అడిగాడు.

"కడమ గొర్లను ఎవలకు ఒప్పజెప్పి పోయిండమ్మా?"

 పక్కాయన అందుకున్నాడు. "తోడేలు తిరిగే జాగల మందను ఒంటిగ ఇడిసిపోతడా? కోడలికో, తమ్మునికో చెప్పిపోయి ఉంటడు. గది నీకు ఎవలు చెప్పలే."

మిస్సమ్మ మందుపెట్టె మీదికి వంగి నవ్వు దాచుకుంది.

ఆ బీరప్ప తల్లే మల్లమ్మ. కోడలు శివమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. ఒక కన్ను ఎవరో చెట్టు పసరు పోస్తే ఎప్పుడో పోయింది. రెండోదానికి శుక్లం ముదిరింది. మోతిబిందు అంటారు ఇక్కడ. మిస్సమ్మ రెప్ప ఎత్తి చూసి, ఆపరేషను చేస్తే చూపు వస్తుందంది. వెంటనే చావిడంతా గొణుగుడు. కిందటి ఏడు ఇదే ఊరివాడొకడు ఆపరేషను చేయించుకుని ఆ కన్ను కాస్తా పోగొట్టుకున్నాడట. "ఆ దవాఖానల కండ్లు పీకుతరు" అని ఒకావిడ నా ముఖం మీదే అంది. నేను జగడానికి లేవబోతే మిస్సమ్మ నా కొంగు పట్టి లాగింది.

"అవ్వా, అబద్ధం చెప్ప. ఆయన కన్ను పోయింది నిజం. కోత మానేదాక తల కదిలియ్యద్దు. ఆయన మాపటికి లేచి కూసున్నడు. కుట్టు తెగింది. నీది ఒక్కటే కన్ను. గది పోతె మల్ల తేలేను. ఆలోచన చెయ్యి."

మల్లమ్మ ఎక్కువసేపు ఆలోచించలేదు.

"ఎనుక దిక్కు చేన్లకు పోవాలన్న కోడలి చెయ్యి పట్టుకోవాలె. తెల్లారి అది గొర్ల పాలు పిండాల్నా, నన్ను తోల్కపోవాల్నా? నేను ఓర్సుకొని కూసుంట. అట్ల బతుకుడు నాతోని కాదు. ఉంటె ఉంటది, పోతె పోతది. పా."

ఆడదాన్ని కనుక నాకు ఆ మాట సూటిగా తగిలింది. ఏ పండగ చూడాలనో, ఎవరి ముఖం చూడాలనో కాదు, ఒకరి చెయ్యి పట్టుకోకుండా బయటికి వెళ్ళిరావాలని ఆ కన్ను కావాలంది.

బీరప్ప తల్లిని బండి ఎక్కించాడు. కోతలయ్యాక కురుమవాళ్ళు వేసవంతా మందను తోలుకుని ఊరూరా తిరుగుతారు. ఎవరి చేనుకు ఎరువు కావాలో వాళ్ళు పిలుస్తారు. మంద ఆ చేలో రాత్రిళ్ళు పడుకుంటుంది, రైతు దానికి జొన్నలు కొలుస్తాడు. "రేపే ధారూర్ దిక్కు పోతున్నం. ఆడ ఒక పటేల్ చేన్ల మంద పెడ్తం. పని వడితె ఆడికి కబురు పెట్టున్రి" అన్నాడు.

మళ్ళీ వికారాబాదు: ఇసుక సంచుల నడుమ

ఆపరేషను బాగా జరిగింది. ఆ తరువాతే అసలు తంటా. కళ్ళు రెండింటికీ కట్టు. తలకు అటూ ఇటూ ఇసుక సంచులు. వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. నమలకూడదు, జావ తాగాలి. తుమ్మకూడదు, దగ్గకూడదు. నేనైతే గంటలో పారిపోయేదాన్ని. మల్లమ్మ పగలంతా తాండూరు బండలాగే పడుకుంది. రత్నం మెచ్చుకుంది కూడా.

పొద్దు వాలింది. మల్లమ్మ చేతులు మంచం పట్టెలు వెతకడం మొదలుపెట్టాయి.

"మంద రాలే" అంది.

"అవ్వా, ఇది దవాఖాన. మంద ధారూర్ల ఉన్నది" అంది రత్నం.

"ఎరుకే" అంది మల్లమ్మ. అని, లేవబోయింది.

ఎరుకే. బుద్ధికి ఎరుకే, ఒంటికి ఎరుక కాదు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ వేళకు గొర్రెలు వచ్చి, పిల్లలు అరిచి, తల్లులు బదులిచ్చి, అన్నీ చేరాయని తెలిశాక గానీ ఆ ఒళ్ళు పడుకోలేదు. ఆ చప్పుడు లేకపోతే ఏదో తోడేలు వచ్చినట్టే ఆమెకు. నేను తల వైపు కూర్చుని రెండు చేతులతో ఆమె తల పట్టుకున్నాను. పాటలు పాడాను. కథలు చెప్పాను. తిట్టాను కూడా. ఆమె పాపం "సరే బిడ్డా" అంటుంది, కాసేపటికి మెడ బిగుస్తుంది. నా చేతులు నొప్పెట్టి రత్నం చేతులు, రత్నానివి నొప్పెట్టి మిస్సమ్మవి. కాళ్ళూ చేతులూ కట్టేయమని ఎవరో అంటే మిస్సమ్మ గట్టిగా అడ్డంగా తల ఊపింది. "కట్టేస్తె ఇంక కొట్లాడ్తది."

రెండో సాయంత్రమూ అదే వరస. మిస్సమ్మ ముఖం పాలిపోయింది. కిందటి ఏటి మనిషి కన్ను పోగొట్టుకున్నది కూడా ఈ వేళనే, ఇలాగేనట.

"పంతులమ్మా, రేపు గూడ గిట్లనే లేస్తె కన్ను దక్కది" అంది.

 అప్పుడే నాకో ఆలోచన వచ్చింది. మంద దగ్గరికి ఈమె పోకూడదు, సరే. ఈమె దగ్గరికి మంద రాకూడదని ఎవరన్నారు? వార్డు కిటికీకి ఎదురుగా ప్రహరీ, దాని అవతల పొరుగు రైతు ఖాదర్ సాబు చేను, కోత కోసి ఖాళీగా ఉంది. గోడ దగ్గరికి పరుగెత్తి ఆయన్ను కేకేశాను. విషయం విని ఖాదర్ సాబు గడ్డం సవరించుకున్నాడు.

"అరే, దీనికి గింత పరేషాన్ ఎందుకమ్మా? మంద కోసం నేనే ఎదురు సూస్తున్న. వానలకు ముందు ఎరువు పడితె నాకే ఫాయిదా. జొన్నలు నేనిస్త. నువ్వు మందను తోలుకరా, గంతే."

ధారూరు: ఇచ్చిన మాట

తెల్లవారుజాము రైలుకు ధారూరు పోయాను. స్టేషను నుంచి అడుగుతూ అడుగుతూ చేను చేరేసరికి నా ఒక చెప్పు తెగింది. మంద నన్ను చూసి బెదిరింది, నేను మందను చూసి బెదిరాను. ఒక పొట్టేలు నా చద్దిమూట లాక్కుని అందులోని రొట్టెలు గుడ్డతో సహా నమలసాగింది.

బీరప్ప అంతా విన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిరిగినా, "రాలేనమ్మా" అన్నాడు.

నా చెవులను నేను నమ్మలేకపోయాను. "కన్నతల్లి కన్ను కదయ్యా" అన్నాను.

"పటేల్ జొన్నలు ముందుగాల కొలిచిండు. చేన్ల సగం గూడ తిరగలే. నడుమల మంద లేపుకపోతె, రేపటికెల్లి కొడంగల్ నుంచి మర్పల్లి దాక మమ్ముల ఒక్కడు పిలువడు. మా అవ్వకే తెలిస్తె నన్ను ఇంట్లకు రానియ్యది."

నేను చెడామడా తిట్టాను. మాటలన్నీ ఇక్కడ రాయను, బళ్ళో పిల్లలు కూడా చదువుతారు. అతను తల వంచుకుని పడ్డాడు గానీ కదల్లేదు. అప్పటిదాకా నోరు విప్పని శివమ్మ, "పటేల్‌ను అడుగుదం. అడిగితె ఏం పోయింది?" అంది. ముగ్గురం పటేలు ఇంటికి వెళ్ళాం. పటేలు చుట్ట ఆర్పి తేల్చాడు.

"పిల్లతల్లులను తోల్కపోన్రి. కడమ సగం ఈడ ఉండాలె. సగమే ఉన్నందుకు ఇంకో రెండు రాత్రులు ఎక్కువ పెట్టు, బీరప్పా."

అంతే, మాట మాటే, సాయం సాయమే. బీరప్ప మిగతా మందతో ఉండిపోయాడు. పిల్లలున్న తల్లి గొర్రెలతో శివమ్మా నేనూ బయలుదేరాం.

ఆ నడక సంగతి ఎలా చెప్పను. కొండల నడుమ ఎండుటాకుల అడవి. శివమ్మ నాలుక మడిచి ఒక కూత వేస్తే మందంతా ఒకటిగా తిరుగుతుంది. నేను అదే కూత వేస్తే అన్నీ ఆగి నన్ను చూస్తాయి. మధ్యాహ్నం వాగు మడుగు దగ్గర నీడన ఆగాం. శివమ్మ జొన్నరొట్టె మీద ఎర్రటి తొక్కు పెట్టి ఇచ్చింది. గొర్రె పాలు పిండి ఆకుదొన్నెలో పోసింది. మా ఇంట్లో ఎవరైనా అవి పోస్తే పారబోసేదాన్ని, అక్కడ రెండు దొన్నెలు తాగాను. నడవలేని పిల్లలను గొంగడి మడతల్లో వేసుకుని శివమ్మ నాలుగింటిని మోసింది. ఒకదాన్ని నాకిచ్చింది. అది నా మెడ మీద పడుకుని, నా చీర మీద చేయవలసిన పనులన్నీ చేసింది. నాకు ఏమీ కోపం రాలేదు. పొద్దు వాలకముందు చేరాలి, అంతే నా ఆత్రమంతా.

గోడకు అవతల

మేం ఖాదర్ సాబు చేలోకి దిగేసరికి ఎండ ఎర్రబడింది. ఒక్క పరుగున వార్డులోకి పోయాను. మిస్సమ్మ మోకాళ్ళ మీద కూర్చుని మల్లమ్మ తల పట్టుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనేమో. మల్లమ్మ మెడ అప్పటికే బిగుస్తోంది.

కిటికీ అవతల ఒక గొర్రెపిల్ల అరిచింది. దానికి తల్లి బదులిచ్చింది. ఆపైన అన్నీ ఒక్కసారి అందుకున్నాయి.

మల్లమ్మ వేళ్ళు పట్టెలు వదిలేశాయి. చేతులు రొమ్ము మీద పెట్టుకుంది. వింటోంది. నేను రత్నాన్ని వాటేసుకోబోతున్నాను, ఇంతలో మల్లమ్మ నుదురు ముడిపడింది.

"సగమే ఉన్నయ్. పొట్టేళ్ళు లేవు. కడమయి యాడవోయినయ్?" అంటూనే భుజం ఎత్తింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంతా చేసి, సగం మంద తెచ్చి ఉన్న కన్ను కూడా తీసేశానా అనుకున్నాను. కిటికీలోంచి శివమ్మను కేకేసి ఆ మాట చెప్పాను. కిటికీ అవతల గోడ మీదికి శివమ్మ ముఖం వచ్చింది.

"అత్తా, పండు. పటేల్ చేన్ల మాట ఇచ్చినం గద. గడువు దీరెదాక కడమయి ఆడ్నే ఉన్నయ్. నీ కొడుకు కావలి ఉన్నడు. పటేల్‌ను అడిగే ఇయ్యి తెచ్చినం."

 మల్లమ్మ భుజం మెల్లగా పరుపుకు దించింది.

"మంచిగ చేసిన్రు" అంది.  చూస్తే నిద్ర పట్టేసింది. మిస్సమ్మ ఆమె తల మీదనుంచి చేతులు తీసి, నేల మీదే కూర్చుని ఏడ్చింది. దాన్ని చూసి నేను, నన్ను చూసి రత్నం.

ఆ తరువాత ప్రతి సాయంత్రమూ గొర్రెలు అరవడం, మల్లమ్మ నిద్రపోవడం. ఖాదర్ సాబు మా అందరికీ చాయ్ పంపేవాడు. అత్త కోసమే వచ్చిన మందకు జొన్నలు వద్దని శివమ్మ అంటే ఆయన ఒప్పుకోలేదు.

కట్టు విప్పిన రోజు

నా సెలవు అయిపోవచ్చింది, టిక్కెట్టు మార్చుకుని మరీ ఆగాను. మిస్సమ్మ కట్టు విప్పుతుంటే వార్డులో దగ్గే వాళ్ళు కూడా దగ్గు ఆపుకున్నారు. మల్లమ్మ రెప్ప రెండుసార్లు కొట్టింది.

"అవ్వా, ఏం కనవడ్తున్నది?"

"తెల్లగ, పొడుగ్గ ఏదో ఉన్నది. గోడనా, నువ్వా?"

"నేనే" అంది మిస్సమ్మ. 

మసక ఉంటుంది, కోత పూర్తిగా మానాక దళసరి అద్దాలు పెట్టుకుంటే తేటపడుతుందని చెప్పింది. మల్లమ్మ తల నా వైపు తిప్పింది. "గింత లావు గొంతు గింత పొట్టి మనిషిదా" అంది. నాకు పౌరుషం కూడా రాలేదు. ఇంకోసారి అను అని బతిమాలాను.

నడవనిచ్చిన మొదటి ఉదయం ఆమె మంచం దిగింది. నేను అలవాటుకొద్దీ చెయ్యి చాపాను. ఆ చేతిని పక్కకు నెట్టింది. నెమ్మదిగా, పాదంతో నేల తడుముకుంటూ వరండా దాటింది. గేటు దగ్గర ఆగి ఎడమపక్క చూసింది, కుడిపక్క చూసింది. ఖాదర్ సాబు చేను చివర తంగేడు పొదల వైపు తిరిగింది. శివమ్మ గొర్రెల మధ్యనుంచి చూస్తూ నిలబడిపోయింది, రాలేదు. నాకు ఉండబట్టలేదు. ఏ రాయి తగిలి పడుతుందోనని పిల్లిలా వెనకే నడిచాను. చెప్పులు కూడా విప్పేశాను, చప్పుడు కాకుండా.

నాలుగడుగులు పోయి ఆమె వెనక్కి తిరిగింది.

"ఇంటికి పో, పంతులమ్మా" అంది. "నువ్వొస్తున్నది నాకు కనవడ్తున్నది."